మెమరీకి గ్రీసు పూసిన రోజు

ఆ రోజుల్లో మూడు నెలల కంప్యూటర్ కోర్సు చేసిన కుర్రాడికి ఉండే ధీమా, ముప్పై ఏళ్ల సర్వీసున్న ఇంజనీరుకు కూడా ఉండేది కాదు. నేను సంగారెడ్డిలో ఒక బేకరీ మీది అంతస్తులో హార్డ్‌వేర్ నేర్చుకున్నాను (సగం రోజులు కరెంటు ఉండేది కాదు, మిగతా సగం కింది నుంచి వచ్చే దిల్‌పసంద్ వాసనతో గడిచిపోయాయి). ఆ సర్టిఫికెట్ పట్టుకుని పటాన్‌చెరులో వాల్వులు తయారుచేసే ఒక చిన్న ఫ్యాక్టరీలో డిస్పాచ్ గుమస్తాగా చేరాను. "కంప్యూటర్ రిపేరు గూడ వస్తది సార్" అని ఇంటర్వ్యూలో ఎవరూ అడగకుండానే చెప్పాను. మా ఊరు కందిలో అమ్మ అప్పటికే నాకు పర్మినెంటు అయిపోయిందని వాడంతా చాటింది. నిజానికి నా ఆరు నెలల ప్రొబేషన్ దసరాతో ముగుస్తోంది. నన్ను ఉంచుతారో పంపిస్తారో తేల్చే కాగితం మేనేజర్ సారు బల్ల మీద సంతకం కోసం పడి ఉంది.

ఆయుధ పూజ నాడు మా ఫ్యాక్టరీలో ఎవరి మిషన్ వాళ్లు విప్పి, తుడిచి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేస్తారు. లేతు వాళ్లూ వెల్డింగ్ వాళ్లూ అంత శ్రద్ధగా చేసుకుంటుంటే, నేను మానిటర్‌కు ఒక దండ తగిలించి ఊరుకోవడం నామోషీ అనిపించింది. కంప్యూటర్ డబ్బా విప్పాను. పదిమందీ చూస్తున్నారు కదా అని మెమరీ ముక్క కూడా పీకి (ఏమాత్రం అవసరం లేదు), కొత్త గుడ్డతో తుడిచి, "ఇది దీని మెదడు" అని ఉపన్యాసం ఇచ్చి, మళ్లీ గుచ్చేశాను. చేతులు కట్టుకుని చివరిదాకా విన్నది మా హెడ్ ఫిట్టరు ఒక్కడే. ఆయన జేబులో ఎప్పుడూ చిన్న గ్రీసు డబ్బా ఉండేది కాబట్టి అందరికీ గ్రీసు కాక. పొడుగు స్క్రూడ్రైవర్ కొన మిషన్‌కు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, ఏ బేరింగు ఎన్ని రోజుల్లో పోతుందో చెప్పేవాడు.

పండగ సెలవయ్యాక పొద్దున వచ్చి స్విచ్ నొక్కితే తెర నల్లగానే ఉంది. లోపల్నించి "బీ...ప్" అని పొడుగు కూత, కాస్త ఆగి మళ్లీ కూత. గేటు దగ్గర పుణె లారీ లోడుతో సిద్ధంగా ఉంది. ఈ కంప్యూటర్ నుంచి చలాన్, గేట్ పాస్ వస్తే తప్ప అది కదలదు. మేనేజర్ సారు (గోదావరి జిల్లా నుంచి వచ్చి పటేల్‌గూడలో ఇల్లు కట్టుకున్న మనిషి) కూత విని తన గదిలోంచి వచ్చాడు. "ఏంటయ్యా ఈ గోల? నీకు రిపేరు వచ్చన్నావుగా! మధ్యాహ్నంలోపు లారీ కదలకపోతే నీ కాగితం కూడా కదలదు, చెప్తున్నా" అని వెళ్లిపోయాడు.

పొడుగు కూత మెమరీ గురించేనని కోర్సులో చెప్పింది లక్కీగా గుర్తుంది. ముక్క పీకాను. దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో రుద్దాలి. స్టోర్స్‌లో రబ్బరు వాషర్లు, రబ్బరు సీళ్లు, రబ్బరు గొట్టాలు, మనిషంత రబ్బరు షీటు కూడా ఉన్నాయి, పెన్సిల్ గీత చెరిపే రబ్బరు ఒక్కటీ లేదు! రోడ్డు దాటి కిరాణా కొట్టుకు పరుగెత్తి, తిరిగి వచ్చేసరికి గ్రీసు కాక నా బల్ల దగ్గర నిలబడి, మెమరీ ముక్క బంగారు అంచుకు చూపుడు వేలితో ప్రేమగా గ్రీసు పూస్తున్నాడు.

"కాకా! ఏం జేస్తున్నవ్!"

"జామ్ అయినట్టుంది బిడ్డా. జెర గ్రీసు వెడితే సాఫ్‌గ పోతది లోపలికి."

నెత్తి బాదుకున్నాను. "ఇది బేరింగా కాకా? కరెంటు పోయే తావు ఇది! నా నౌకరీ పోతది ఇగ!" అని అరిచాను. తండ్రి వయసు మనిషి మీద అలా అరిచినందుకు ఇప్పటికీ సిగ్గే. కానీ గ్రీసు డబ్బా చూస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, అది వేరే సంగతి. స్పిరిట్‌తో కడిగి, రబ్బరుతో రుద్ది, ఆరబెట్టి, మళ్లీ గుచ్చితే మళ్లీ అదే కూత. లారీ డ్రైవర్ కిటికీలోంచి తల పెట్టి "భయ్యా, ఔర్ కిత్నా టైమ్?" అని ఆరోసారి అడిగాడు. ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు గ్రీసు కాక టార్చి వేసి లోపలికి వంగి చూశాడు. "ఒక దిక్కు కూసుంది, ఇంకో దిక్కు కూసోలే. గీ కొక్కెం పడలే సూడు" అని బొటనవేలితో నొక్కాడు. టక్‌మంది. స్విచ్ వేస్తే ఒక్క చిన్న కూత, వెంటనే తెర వెలిగింది. పన్నెండు కొట్టేలోపు లారీ గేటు దాటింది.

మేనేజర్ సారు ఊరుకోలేదు. "అసలు దీన్ని పాడు చేసిందెవరు?" అని అందరి ముందూ అడిగాడు. నేను నోరు తెరిచేలోపే (నిజం చెప్పాలంటే, తెరిచే ఉద్దేశం లేదు) గ్రీసు కాక ముందుకొచ్చాడు. "నేనే సార్. గ్రీసు వెట్టిన." సారు ఆయన్ని పావుగంట చెడామడా తిట్టి, అదే ఊపులో నా కాగితం మీద సంతకం పెట్టేశాడు.

క్యాంటీన్లో చాయ్ తాగుతూ, "ఎందుకు కాకా గట్ల చెప్పినవ్?" అని అడిగాను.

"నేను పర్మినెంటు. తిట్టుడు తప్ప నన్నేం జేస్తడు? పూజ నాడు నువ్వు దాన్ని పెట్టంగ ఒక్క టక్కే ఇనవడ్డది బిడ్డా. రెండోది ఇనవడలే."

"మరి అప్పుడే చెప్పకపోతివి!"

"నువ్వేమో కోర్సు చేసినోనివి. నేను ఏడో తరగతి. నాకేమెర్క అనుకున్న."

ఆ తర్వాత చాలా ఏళ్లకు గ్రీసు కాక రిటైరైన రోజు, కంప్యూటర్‌కు గ్రీసు పూసి పాడుచేసిన కథను ఎవరో మైకులో చెప్పారు. అప్పటికి నేను డిస్పాచ్ ఇంచార్జిని, ముందు వరసలో కుర్చీ. హాలంతా పగలబడి నవ్వింది. మెడలో దండతో కాక కూడా నా వైపు చూస్తూ నవ్వాడు. ఇప్పుడైనా లేచి అసలు సంగతి చెప్తాననుకున్నాడో ఏమో. ఇప్పుడు ఎవరు కంప్యూటర్ విప్పినా రెండో టక్ వినపడేదాకా ఊపిరి బిగబట్టే పెద్దమనిషిని నేను, ఆ రోజు మాత్రం అందరికంటే గట్టిగా నవ్వాను.