ఆపే మీట లేని పాట

నేను కొని తెచ్చిన పాటల్ని నా భార్య వేరేవాళ్ళింట్లో కూర్చుని వింటోంది. ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని, గిన్నెలు బోర్లించి, దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి ఎల్బీ నగర్ వెళుతుంది. అక్కడ మా పాత కిరాయిదారు ఇంట్లో చాప మీద ఆవిడ పక్కన కూర్చుని నా ఆల్బమ్ వింటుంది. నన్ను రమ్మని ఒక్కసారీ అనలేదు. ఎందుకని అడిగితే, "ఆడోళ్ళ ముచ్చట్ల నీకేం పని" అంటుంది. ముచ్చట్లయితే నాకేం బాధ లేదు. వినేది నా పాటలు.

నావని ఎందుకంటున్నానో చెప్పాలి. ఆ పాటలు పాడిన బ్యాండ్‌లో ఉన్నది ఇద్దరాడవాళ్ళు, ఎక్కడో పరాయి దేశం వాళ్ళు. ఒకరినొకరు ప్రేమించుకున్నారు, ఆ ప్రేమనే గిటారు మీదా మాండొలిన్ మీదా దాపరికం లేకుండా పాడుకున్నారు. వాళ్ళ తొలి ఆల్బమ్‌ను ఇప్పుడు శుభ్రం చేసి పెద్ద నల్ల రికార్డుగా మళ్ళీ విడుదల చేశారట. చైతన్యపురి హాస్టళ్ళ పిల్లలు కూడా ఫోన్లలో తెగ వింటున్నారట. ఆ సంగతి తెలియగానే ఒళ్ళు మండింది. ఆ పిల్లల తల్లులు పలక పట్టిన రోజుల్లోనే నేను ఆ క్యాసెట్‌ను కోఠి ఫుట్‌పాత్ మీద, పాత ఇంగ్లిష్ పత్రికల కుప్ప కింద నుంచి పైకి తీశాను. అట్ట మీద ఇద్దరమ్మాయిలు ఒకే గడప మీద కూర్చుని ఉన్నారు. గడప మీద కూర్చోకూడదని వాళ్ళకెవరూ చెప్పినట్టు లేదు.

నా బడి చదువు నల్లగొండ పక్కన మా ఊళ్ళోనే ఏడో తరగతితో ఆగిపోయింది. ఇంగ్లిష్ మలక్‌పేటలో లేత్ మిషన్ మీద పనిచేస్తూ, డిక్షనరీ ముందేసుకుని నాకు నేనే నేర్చుకున్నాను. అంత కష్టపడి నేర్చుకున్నదాన్ని ఊరికే కడుపులో పెట్టుకుని కూర్చోలేం కదా. సాయంత్రం ఇంటికి రాగానే టేప్‌రికార్డర్ ముందు ఆమెను కూర్చోబెట్టేవాణ్ణి. ఒక్కో చరణం కాగానే పాజ్ మీట నొక్కి, అర్థం చెప్పి, వెనక్కి తిప్పి మళ్ళీ వినిపించేవాణ్ణి. వాటిలో నాకు ప్రాణం దుప్పటి పాట. ఇద్దరికీ ఒకటే దుప్పటి, చలికి ఎవరు తమవైపు లాక్కున్నారని తగువు, అంతే కథ. ఒకామె పాట ఎత్తుకుంటుంది, రెండో ఆమె చాలాసేపటికి గానీ అందుకోదు. పాట పొడుగునా "ఆమె" అనే వస్తుంది, "అతను" ఎక్కడా రాదు. ఈ సంగతి డిక్షనరీ సాయంతో తేల్చుకుని ఒక సాయంత్రం గంభీరంగా ప్రకటించాను. ఆమె బియ్యంలో రాళ్ళేరుతూ తలెత్తకుండా, "గది నాకు మొదటి దినమే ఎరుకైంది" అంది.

"ఇంగ్లిష్ రాదుగదా, నీకెట్ల ఎరుకైంది?"

"గొంతులు ఇనపడ్తలేవా? ఒకామె పాడుతుంటే ఇంకొకామె ఎదురుసూస్తది. మొగోని కోసం ఎవ్వరన్న గంత మంచిగ ఎదురుసూస్తరా?"

అప్పట్లో మా మేడ మీద కిరాయికి ఉన్నావిడ గుంటూరు వైపు మనిషి. నా భార్య ఆవిడను వదినా అనేది కాబట్టి ఆవిడకు నేను అన్నయ్యగారినయ్యాను. ఒకరోజు పని నుంచి పెందరాళే వస్తే దుప్పటి పాట మేడ మెట్ల మీదుగా కిందికి దిగి వస్తోంది. ఎక్కడా ఆగడం లేదు. పైకి వెళ్ళి చూద్దును కదా, నా టేప్‌రికార్డర్, నా క్యాసెట్, నా భార్య. ఇద్దరూ మాటా పలుకూ లేకుండా గోరుచిక్కుళ్ళు తుంచుతున్నారు. "రండి అన్నయ్యగారూ, కాస్త కాఫీ తాగుతారా?" అంది ఆవిడ, నా సొత్తు ఎత్తుకుపోయి నాకే మర్యాద చేస్తూ. కొన్నాళ్ళకు ఆ టేపు నలిగి తెగిపోయింది. ఆవిడ ఎల్బీ నగర్‌లో సొంత ఫ్లాట్ కొనుక్కుని వెళ్ళిపోయింది. టేపు పోయినందుకు బాధపడ్డాను గానీ ఆవిడ పోయినందుకు పడలేదు.

ఇన్నేళ్ళకు మళ్ళీ ఆవిడే గెలిచింది. కొత్త రికార్డూ ఆవిడే తెప్పించింది, దాన్ని తిప్పే యంత్రమూ ఆవిడే కొంది. ఓర్చుకోలేక మొన్న ఆదివారం పిలవకుండానే నేనూ వెనకాల వెళ్ళాను. ఆవిడ తలుపు తీసి, "ఇన్నాళ్ళకు తెలిసిందా అన్నయ్యగారూ మా ఇంటి దారి?" అంది. నా భార్య కొంచెం జరిగి చాప మీద చోటిచ్చింది. అట్ట లోపల కొత్త ఫొటో ఉంది. అదే గడప, అదే ఇద్దరు, తలలు ముగ్గుబుట్టలు. ఇంకా పక్కపక్కనే ఉన్నారు. వాళ్ళ మీద కూడా కుళ్ళు పుట్టింది నాకు.

దుప్పటి పాట వచ్చింది. ఒప్పుకోక తప్పదు, అద్భుతంగా శుభ్రం చేశారు. మా టేపులో ఎప్పుడూ వేపుడు మూకుడులాంటి చప్పుడు ఉండేది. ఇప్పుడు తీగ మీద వేలు జారడం కూడా తెలుస్తోంది. రెండో ఆమె అందుకోబోయే ముందు ఊపిరి తీసుకోవడం వినిపించింది. ఆ ఊపిరి సంగతి వీళ్ళిద్దరికీ చెప్పాలనిపించింది. అలవాటుగా మీట కోసం వెతికాను. ఆ యంత్రానికి నాకు తెలిసిన మీట ఏదీ లేదు. సరే, రికార్డు మీది ముల్లు ఎత్తుదామని చెయ్యి చాపాను. నా భార్య నా మణికట్టు పట్టుకుంది. కోపంగా కాదు, గట్టిగా. పాట అయ్యేదాకా వదల్లేదు. చివర గిటారు ఆగాక పాడిన ఇద్దరూ సన్నగా నవ్వుకున్నారు. మా టేపు చప్పుడు కింద ఇన్నేళ్ళూ దాగి ఉన్న నవ్వు అది. అది వినబడగానే నా పక్కనున్న ఇద్దరూ ఒకేసారి నవ్వారు. ఎక్కడ నవ్వాలో వాళ్ళకు ముందే తెలుసు. నాకు తెలియదు.

తిరుగు మెట్రోలో ఇంకోసారి అడిగాను. "ఇన్నేండ్లల్ల నాతోని కూసోని ఒక్క పాటన్న ఇట్ల ఎందుకు ఇనకపోతివి?" ఆమె నా వైపు తిరిగింది.

"ముందుగాల నీతోనే కూసున్న గదా. పాట మొదలుగాంగనే నువ్వు ఆపుతుంటివి. వదిన ఏం జెప్పది, ఇంటది. వచ్చే ఐతారం నువ్వు గూడ రా. పాట అయిపోయేదాంక చెయ్యి నా చేతులనే ఉండని. ఇంక ఆపి ఆపి ఇనేటంత పొద్దు మనకు లేదు."