ఇనపమంచం మీద మూడు దెబ్బలు

మా బావకి పెళ్లయి తొమ్మిదేళ్లయినా పెళ్లాం మొహం ఎలా ఉంటుందో తెలీదు. ఆ పెళ్లాం నా చెల్లెలే. చిన్నప్పుడు అమ్మవారు పోసి బావకి కుడికన్ను పూర్తిగా పోయింది. పెళ్లినాటికి ఎడమకన్ను మీదా తెల్లటి పొర కమ్మేసింది. అయినా కంచరపాలెం చుట్టుపక్కల పెళ్లంటే ఆయన సన్నాయే. పక్కన డోలు నాది. మామూలు రోజుల్లో పోర్టులో కలాసీ పని, ముహూర్తాల రోజుల్లో డోలు. డెబ్బైల్లో నా బతుకు అది.

మా ఇద్దరికీ ఒక గుర్తు ఉండేది. తాళి కట్టే వేళ పురోహితుడు చెయ్యి ఊపుతాడు. బావకి అది కనబడదు, ఆ గోలలో కేక వినబడదు. అందుకని నేను పుల్లతో డోలు అంచు మీద మూడు దెబ్బలు కొట్టేవాణ్ణి. మూడో దెబ్బకి ఆయన బుగ్గలు నిండిపోయేవి.

ఎడమకన్నుకి ఆపరేషన్ చేస్తే చూపు రావచ్చని ఒక డాక్టరు చెప్పినప్పుడు అందరికన్నా ఎక్కువ బెదిరింది నేనే. ఉన్నది ఒక్క కన్ను. అది కాస్తా పోతే ఇక ఆశ కూడా ఉండదు. బావ మాత్రం సంబరపడిపోయాడు.

"మీ సెల్లి మొకం సూడాల బావా."

"సూడకపోతేనే నీ కాపరం నిలబడతాది," అన్నాను. చెల్లెలు నా వీపు మీద ఒక్కటిచ్చింది.

ఆపరేషన్ అయింది. రెండు కళ్లకీ కట్టు కట్టి, తల కదలకుండా అటూ ఇటూ ఇసక సంచులు పెట్టి, ఎనిమిది రోజులు వెల్లకిలా పడుకోమన్నారు. దగ్గకూడదు, తుమ్మకూడదు. సన్నాయి సంగతి తెలిసి డాక్టరు మరీ హెచ్చరించాడు, "బుగ్గలు బిగించావంటే కుట్లు ఊడిపోతాయి."

నేను సెలవు పెట్టి కాపలా కూర్చున్నాను. గాలికి తలుపు కొట్టుకున్నా నా గుండె జారేది. పక్క మంచం ముసలాయన దగ్గర చుట్ట వాసన వస్తే, బావకి ఎక్కడ తుమ్మొస్తుందోనని ఆ పెద్దాయన మీద విరుచుకుపడ్డాను.

అంత జాగ్రత్తపడ్డవాణ్ణి. నాలుగో రోజు మధ్యాహ్నం చెల్లెలు జావ తేవడం ఆలస్యమైంది. ఊరికే ఉండలేని చేతులు నావి. ఏమైందో ఏమోనని వీధివైపు చూస్తూ ఇనపమంచం పట్టీ మీద వేళ్లు ఆడిస్తున్నాను. ఎప్పుడు కొట్టానో, మూడు దెబ్బలు కొట్టేశాను. మూడో దెబ్బకి బావ బుగ్గలు నిండిపోయాయి.

"అమ్మా!"

"ఏటైంది బావా?"

"సురుక్కుమంది." నా చెయ్యి వెతికి పట్టుకున్నాడు. "ఎవులికీ సెప్పకు."

చెప్పలేదు. నర్సు రెండుసార్లు అటు వచ్చినా దుప్పటి సర్దుతున్నట్టు నటించాను. పిరికివాణ్ణి. తక్కిన నాలుగు రోజులూ చేతులు చంకల్లో పెట్టుకుని కూర్చున్నాను. కన్ను బాగుంటే చాలు, కొండెక్కి గుండు కొట్టించుకుంటానని సింహాద్రి అప్పన్నకి మొక్కుకున్నాను.

కట్టు విప్పే రోజు చెల్లెలు పెళ్లినాటి చీర కట్టుకుని మంచం ముందు నిలబడింది. డాక్టరు కంటి ముందు టార్చి వెలిగించి ఏం కనబడుతోందని అడిగాడు. బావ వెలుతురు వైపు చూడలేదు. చెల్లెలి గాజుల చప్పుడు వైపు తిరిగాడు. నాకు అప్పుడే అర్థమైపోయింది.

"ఏటీ నేదు బాబూ."

"గట్టిగా దగ్గావా?"

"తుమ్మినాను. ఆపుకోనేకపోనాను."

ఇంటికెళ్లే దారంతా చెల్లెలు రిక్షాలో ఏడుస్తూ ఆయన్ని తిట్టింది, ఒక్క తుమ్ము ఆపుకోలేకపోయావా అని. ఆయన తలొంచుకుని వింటూ కూర్చున్నాడు. నేను పక్కన సైకిలు తొక్కుతూ, నాకు పడాల్సిన తిట్లన్నీ ఆయనకి పడనిచ్చాను.

రెండు నెలలకి ఎలమంచిలిలో ఒక పెళ్లి. పురోహితుడు చెయ్యి ఊపాడు. నా పుల్ల లేవలేదు. పెళ్లికొడుకు తాళి పట్టుకుని మా వైపే చూస్తున్నాడు. బావ నా మీదికి వంగాడు.

"కొట్టు బావా. ఇప్పుడు ఊదితే పోయేదేటీ నేదు."

కొట్టాను. చెల్లెలు ఇప్పటికీ అది తుమ్మే అనుకుంటోంది.