పరిహారం వచ్చేసిందన్న ఆదివారం

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు ప్రేమను బట్టి మీ అందరికీ వందనాలు! ప్రార్థనలో ఫోను మోగించే మనిషినని నన్ను చూసి కొందరు నవ్వుతారు, నవ్వండి, ఆ ఫోను సంగతి చెప్పడానికే ఈరోజు నిలబడ్డాను.

పోయిన తుఫానుకి కోతకొచ్చిన మా వరిచేను చాపలా పరుచుకుపోయింది. నీళ్ళలో నానితే గింజ మొలకెత్తిపోతుందని నేనూ మా ఆయనా బురదలో దిగి, పడిన దుబ్బుల్ని లేపి, నాలుగేసి కలిపి జడలు కట్టి నిలబెట్టాం. తర్వాత పంటనష్టం రాసుకోవడానికి ఆఫీసరుగారు వచ్చి, గట్టు మీద నుంచే చూసి, "చేను నిలబడే ఉంది కదమ్మా!" అన్నారు.

"పడిపోతే మేమే లేపి కట్టినాం బాబూ, దిగి సూడండి, గింజ రంగు మారిపోనాది" అని మొత్తుకున్నాను. దిగలేదు. లేపకుండా వదిలేసిన పక్క చేలకు నష్టం రాశారు, మాకు రాయలేదు. మా రెక్కల కష్టమే మాకు అడ్డమొచ్చింది, చూశారా! రాజాం ఆఫీసుకి వెళ్ళి అర్జీ పెట్టుకున్నాం, చూస్తామన్నారు. దక్కిన ధాన్యం తిండికే చాలక మా ఆయన మద్రాసు తాపీపనికి రైలెక్కాడు. "పరిహారం పడితే ఫోన్ సెయ్యే, ఒచ్చీసి నారు పోస్తాను" అన్నాడు.

అప్పటినుంచి నాకు ఫోనే లోకమైంది! అది కుయ్యిమంటే గుండె ఝల్లుమనేది, తీరా చూస్తే ఏదో ప్రకటన. ఆయన ఫోన్ చేసినా "పడ్డాదా?" అనడం, నేను "నేదు" అనడం, అంతటితో ఆఖరు. కంచం ముందు కూర్చుంటే ఎదుటి పీట ఖాళీగా కనిపించి ముద్ద దిగేది కాదు.

ఒక ఆదివారం అయ్యగారు వాక్యం చెబుతూ, "ఇంకా ఎదురుచూస్తారెందుకు? మీ పరిహారం ఎప్పుడో వచ్చేసింది!" అని గట్టిగా అన్నారు. నేను లేచి నిలబడి, "స్తోత్రం! ఏ బేంకులో పడ్డాదండి అయ్యగారూ?" అన్నాను. సంఘమంతా గొల్లుమంది. ఆయన చెప్పింది సిలువ మీద యేసయ్య చేసిన పాప పరిహారం! నేనూ నవ్వబోయాను, నవ్వు రాలేదు, ఏడుపు వచ్చింది.

అక్కడే మోకాళ్ళూని, "తండ్రీ, ఇన్నాళ్ళూ డబ్బు అడిగాను గాని నాకు కావలసింది అది కాదు, నా మనిషి కావాలి, ఆయన్ని చూడాలనుంది" అని ప్రార్థించాను. ఆ మాట నా నోట రాగానే గుండె తేలికైంది సహోదరులారా! మధ్యాహ్నం నేనే ఫోన్ చేశాను. అలవాటు కొద్దీ ఆయన "పడ్డాదేటి?" అన్నాడు.

"నేదు మావా. అది పడినప్పుడు పడతాది, నువ్వు ఒచ్చీ. నువ్వు నేకపోతే నాకు బాగునేదు" అన్నాను.

"వట్టి సేతుల్తో ఏ మొకం పెట్టుకుని ఒస్తానని ఆగిపోనానే. ఈ ముక్క కోసమే సూస్తన్నాను" అన్నాడు.

అదిగో, మగవాళ్ళ వైపు గుమ్మం దగ్గర తల దించుకుని కూర్చున్నాడే, ఆయనే! ఆయన వచ్చి పోసిన నారుతో ఆకుమడి పచ్చగా లేచింది. పరిహారం ఇంకా పడలేదు, ఇస్తే తీసుకుంటాం, మాకు రావలసిందే. మీలో ఎవరైనా దేనికోసమో కళ్ళు కాయలు కాచేలా చూస్తుంటే, అసలు కావలసింది ఏమిటో ప్రభువుకి చెప్పండి, ఆయన్ని నమ్మండి, మీకు కావలసిన మనిషికీ చెప్పండి.

ఫోనా? ఈరోజు ఇంట్లోనే వదిలేసి వచ్చాను. దేవునికే మహిమ!