గెలుపు దగ్గర ఆపేసిన కథ

మా పక్కింటి టీచరమ్మ పోయారని వాళ్లబ్బాయి వచ్చి చెప్పాడు. చేతిలో మా స్టీలు గిన్నె ఉంది. హాస్పిటల్‌కి వెళ్లేముందు ఆవిడకి నేను పులిహోర పంపిన గిన్నె అది. కడిగి, తుడిచి తెచ్చి, "ఖాళీగా ఇస్తున్నాను, సారీ" అన్నాడు పాపం. వాళ్లమ్మ ఏనాడూ మా గిన్నె ఖాళీగా వెనక్కి పంపలేదని అతనికీ తెలుసు. మర్నాడు మధ్యాహ్నానికల్లా అంత్యక్రియలు అయిపోయాయి. ఆ విషయంలో వాళ్లూ మనలాగే, ఆలస్యం చెయ్యరు. ఆ గిన్నెని నేను ఇంకా అల్మరాలో పెట్టలేదు.

డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో మేం ఇల్లు కొనుక్కున్నది డెబ్బైల చివర్లో. మావారు కార్ల కంపెనీలో ఇంజినీరు. పక్కింట్లో ఈవిడ ఒక్కరే ఉండేవారు. భర్త పోయారు, కొడుకు వేరే ఊళ్లో. వాళ్లు యూదులు. వాళ్ల గుడిలో ఆదివారాలు నడిచే బడిలో పిల్లలకి హీబ్రూ, పవిత్ర గ్రంథం చెప్పేవారు. మేం శాకాహారులమని రూఢి చేసుకున్నాకే మా వంట ముట్టారు, అదీ కాగితం ప్లేట్లో. ఆవిడ ఆచారం మా అత్తగారి మడికి ఏమీ తీసిపోదు.

మంగళవారం పొద్దున్న ఆవిడ వంటింట్లో కొందరు ఆడవాళ్లు చేరి ఆ గ్రంథాన్ని మళ్లీ మొదట్నుంచీ చదువుకునేవారు. మగవాళ్లు చేసినవన్నీ మనకి కంఠతా వచ్చు, ఆడవాళ్లు ఏమన్నారో వెతుకుదాం అన్నది టీచరమ్మ పట్టుదల. పిల్ల స్కూలుకీ మావారు ఆఫీసుకీ వెళ్లాక ఏమీ తోచక నేనూ పోయి కూచునేదాన్ని. ఆవిడకో అలవాటు ఉండేది. కూర్చుని చదివేవారు, కథలో ఆడమనిషి నోరు తెరవగానే లేచి నిలబడేవారు. ఆ మాట అయిపోగానే కూచునేవారు. "లేవండి, ఆవిడ మాట్లాడుతోంది" అని మమ్మల్నీ లేపేవారు. కొన్ని వారాలు లేవాల్సిన పనే పడేది కాదు. "ఇవాళ మోకాళ్లకి సెలవు" అనేవారు, ముఖంలో నవ్వు లేకుండా. మేం మాట్లాడుకున్నదంతా ఇంగ్లీషులోనే. నాకు మాత్రం ఆ మాటలు తెలుగులోనే గుర్తుండిపోయాయి, అలాగే రాస్తున్నాను.

ఎనభైలో, చలికాలంలో కార్ల కంపెనీలు జనాన్ని తీసెయ్యడం మొదలుపెట్టాయి. మా వీధిలో ఒక్కో ఇంటి ముందూ అమ్మకం బోర్డు లేస్తోంది. మావారు తిండీ నిద్రా మానేసి తిరిగారు. ఆఖరికి తన ఉద్యోగం నిలిచిందని తెలిసిన సాయంత్రం ఐస్‌క్రీమ్ పట్టుకొచ్చారు. భోజనాల దగ్గర మహా సంతోషంగా చెప్పారు.

"వెంకన్నకి మొక్కుకున్నాను. జాబ్ నిలబడితే అమ్మాయి తలనీలాలు ఇస్తానని. సమ్మర్‌లో టికెట్స్ బుక్ చేస్తా."

మా అమ్మాయికి అప్పుడు పన్నెండేళ్లు. నడుము దాటిన జడ. "అంటే షేవ్ చేస్తారా? నాకా?" అంది. "డాడీ, నాకు ఫాల్‌లో స్కూల్ ఉంది! ఎవ్రీబడీ విల్ లాఫ్!" స్పూను బల్ల మీద పడేసి బాత్‌రూమ్‌లోకి పోయి గడియ పెట్టుకుంది. ఆయన బిత్తరపోయి, "జుట్టేగా, మళ్లీ వస్తుంది" అన్నారు. నాకూ అలాగే అనిపించింది. నాకూ చిన్నప్పుడు చేయించారు, మా అక్కకీ చేయించారు. మా ఇళ్లల్లో ఇది ఒక విషయమే కాదు.

మర్నాడు టీచరమ్మకి నవ్వుతూనే చెప్పాను, మా పిల్ల పేచీ పెడుతోందని. ఆవిడ నవ్వలేదు.

"పిల్ల ఏమంది?"

"చెప్పానుగా, ఏడ్చింది."

"ఏడవడం సరే. మీరు అడిగితే ఏమంది?"

ఎవరం అడగలేదు. ఆవిడ లోపలికి వెళ్లి పుస్తకం తెచ్చి ఒక కథ చదివారు. ఒక సేనాపతి యుద్ధానికి పోతూ దేవుడికి మొక్కుకుంటాడు, గెలిచి వస్తే నా ఇంటి గుమ్మం దాటి ముందు ఏది ఎదురొస్తే దాన్ని నీకు బలి ఇస్తానని. గెలుస్తాడు. ఇంటికొస్తాడు. ఒక్కగానొక్క కూతురు డప్పు వాయించుకుంటూ, నాట్యం చేస్తూ ఎదురొస్తుంది. అతను బట్టలు చించుకుని, నా కొంప ముంచావని ఆ పిల్లనే అంటాడు. ఇక్కడ టీచరమ్మ లేచి నిలబడ్డారు. ఆ పిల్ల రెండే మాటలు మాట్లాడుతుంది. మాట ఇచ్చావు కదా నాన్నా, అన్నట్టే చెయ్యి అంటుంది ముందు. తర్వాత ఒక్కటి అడుగుతుంది, రెండు నెలలు వదిలెయ్యి, స్నేహితురాళ్లతో కొండల్లో తిరిగి ఏడ్చి వస్తానని. వెళ్తుంది, తిరిగి వస్తుంది. తండ్రి మాట తప్పడు. ఆ పిల్ల కోసం ఏటా నాలుగు రోజులు ఆ దేశపు ఆడపిల్లలు ఏడ్చేవారట. ఆ ఆనవాయితీ ఏమైపోయిందో ఎవరూ చెప్పలేరు. తండ్రికి పేరుంది, కూతురికి లేదు. అందుకే తండ్రి పేరు నేనూ ఇక్కడ రాయడం లేదు.

నాకు ఒళ్లు మండింది. గుండుకీ బలికీ పోలికా? "మా దేవుడు పిల్లల్ని బలి అడగడండీ. మేం ఇచ్చేది జుట్టు" అన్నాను.

"మా దేవుడూ అడగలేదు" అన్నారావిడ. "అడక్కుండానే ఇతను మాట ఇచ్చాడు. తనది కానిదాన్ని ఇస్తానని."

చెప్పకుండా లేచి వచ్చేశాను. ఆ పై మంగళవారం వెళ్లలేదు. వెళ్లకపోతేనేం, కూర తరుగుతున్నా, బట్టలు మడత పెడుతున్నా ఆ కథే బుర్రలో తిరిగేది. అమ్మాయి తండ్రితో మాటలు మానేసింది. జడ కనపడకుండా స్వెటర్ లోపలికి దోపుకుని తిరుగుతోంది. ఒక పొద్దున్న ఉండబట్టలేక, ఇంటి చెప్పులతోనే మంచులోంచి నడిచి పక్కింటి తలుపు కొట్టాను.

"ఆ పిల్లకి అమ్మ లేదా?" అన్నాను.

టీచరమ్మ పుస్తకం తీసి ముందుకీ వెనక్కీ తిప్పారు. సేనాపతి తల్లి ఎలాంటిదో ఉంది. తండ్రి ఉన్నాడు, గెంటేసిన అన్నదమ్ములున్నారు. భార్య ఊసే లేదు. ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఎంతమంది పిల్లలకి చెప్పానో ఈ కథ. నాకు తట్టనే లేదు" అన్నారు. పుస్తకం మూసి, "ఇంట్లోనే ఉండి ఉంటుంది. ఏమీ అనలేదేమో. అనుంటే రాసేవారేమో" అన్నారు. నాకు అక్కడ కూచోబుద్ధి కాలేదు.

ఆ సాయంత్రం మావారు కోటు విప్పకముందే చెప్పాను. "మొక్కు తీర్చాల్సిందే. నా జుట్టు ఇస్తాను."

"పిచ్చా నీకు? నేను బతికుండగా నువ్వు గుండు చేయించుకుంటావా?"

"నా గుండు మీకు అపశకునం. దానికైతే మళ్లీ వస్తుందా?"

ఆయన కోటు విప్పబోయి ఆగి, "పోనీ నేనిస్తా" అన్నారు. మళ్లీ వెంటనే, "ఆఫీస్‌లో గుండుతో ఎలాగే, అందరూ ఏమనుకుంటారు..." అని తన మాట తనకే వినపడి ఆగిపోయారు. అమ్మాయి మెట్ల మీద కూచుని అంతా వింటోంది. ఆ వేసవిలో తిరుమలలో గుండు చేయించుకున్నది మావారే. తిరిగొచ్చాక కొన్ని వారాలు ఎండల్లో కూడా ఉన్ని టోపీ పెట్టుకుని ఆఫీసుకి వెళ్లారు. టీచరమ్మ కంచె దగ్గర ఆయన్ని చూసి, "అందంగా ఉన్నారు" అని మెచ్చుకున్నారు. ఆయన సిగ్గుపడి చచ్చారు.

ఇంతటితో అయిపోతే ఎంత బాగుండేది. తర్వాతి చలికాలానికి ఆ ఉద్యోగం పోయింది. ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఆ అనకపోవడమే నా ప్రాణం తీసింది. సోఫాలో కూచుని, అమ్మాయి జడ అల్లుకుంటుంటే అదే పనిగా చూసేవారు. ఒకరోజు ఫోన్‌లో వాళ్లన్నయ్యతో, "ఇస్తానన్నది ఒకటి, ఇచ్చింది ఒకటి కదా" అన్నారు. పిల్ల విందని మాకు తెలీదు.

నేను బజారు నుంచి వచ్చేసరికి దేవుడి అల్మరా ముందు జడ పడి ఉంది, చివర రబ్బరు బ్యాండుతో సహా. వంటింటి కత్తెరతో తనే కత్తిరించుకుంది. "ఇప్పుడు డాడీకి జాబ్ వస్తుంది కదా, అమ్మా?" అంది. నేను అడ్డం పడి ఆపాననుకున్న మొక్కు, నా వెనక నుంచి వచ్చి పిల్లని పట్టుకుంది. మావారు ఆ జడని చూసి, మెట్ల మీద కూలబడి గట్టిగా ఏడ్చారు. ఆయన ఏడవగా చూడటం నాకు అదే మొదటిసారి.

టీచరమ్మని పిలుచుకొచ్చాను. ఆవిడ ఎవర్నీ ఏమీ అడగలేదు. అమ్మాయిని కుర్చీలో కూచోబెట్టి, భుజాల మీద తువ్వాలు కప్పి, వంకరటింకర చివర్లని సమంగా కత్తిరించడం మొదలుపెట్టారు. కత్తిరిస్తూ ఆ సేనాపతి కూతురి కథ చెప్పారు.

"అన్నట్టే చెయ్యి నాన్నా అనడం ఏ పిల్లకైనా వచ్చు. మంచి పిల్ల అనిపించుకోవాలంటే అదే అనాలి. రెండో మాట ఆ పిల్ల సొంతం. నాకు కొంత టైమ్ కావాలి అన్నది. నువ్వు ఇవాళ చేసింది మొదటిది. రెండోది ఉంటే చెప్పు. నేను నిలబడే ఉన్నాను."

ఒక పక్క కత్తిరించడం అయ్యాక మా అమ్మాయి అంది, "ఐ యామ్ యాంగ్రీ. గాడ్ మీద కాదు. డాడీ మీద." టీచరమ్మ కత్తిరించడం ఆపి, పూర్తిగా విన్నట్టు తలాడించారు. మెట్ల మీద మావారు తల ఎత్తలేదు, లేచి వెళ్లిపోనూ లేదు.

ఆ సేనాపతి కథ వాళ్ల గుడిలో ఏటా వేసవిలో ఒక శనివారం చదువుతారని అప్పుడే తెలిసింది నాకు. మొక్కుకోవడం చదువుతారు, గెలవడం చదువుతారు, అక్కడ ఆపేస్తారు. తర్వాతి వాక్యంలో కూతురు గుమ్మం దాటి బయటికి రావాలి. రాదు. ఇంకొన్ని వాక్యాలు చదవమని టీచరమ్మ ఏళ్లుగా పెద్దల్ని అడుగుతున్నారు. ఎంతవరకు చదవాలో పూర్వులు నిర్ణయించారు, మనమెవరం అని వాళ్ల జవాబు. రెండేళ్లు గడిచాక ఆ గుడిలో ఆడవాళ్లకీ చదివే అవకాశం ఇచ్చారు. ఆ శనివారం చదివే వంతు ఆవిడకొచ్చింది. మా ముగ్గుర్నీ రమ్మన్నారు.

రాగంతో చదువుతున్నారు. హీబ్రూ నాకు రాదు, పక్క పేజీలో ఇంగ్లీషు చూసుకుంటూ వింటున్నాను. గెలుపు వచ్చింది. ఆవిడ ఆపలేదు. పక్కన నిలబడ్డ పెద్దాయన మెల్లిగా ఏదో అన్నాడు. ఆవిడ ఆపలేదు. వెనక వరసల్లో గుసగుసలు లేచాయి, ఇద్దరు లేచి బయటికి పోయారు. కూతురు మాట రాగానే మా అమ్మాయి లేచి నిలబడింది. కొండల్లోకి పోనివ్వమన్న మాట దాకా చదివి టీచరమ్మ పుస్తకం మూశారు.

మళ్లీ ఆవిణ్ణి చదవడానికి పిలవలేదు. ఆదివారం క్లాసు వేరే అతనికి ఇచ్చారు. ఆవిడ బాధపడలేదని నేను రాస్తే అబద్ధం. ఆదివారం పొద్దున్న సంచీ భుజాన వేసుకుని తలుపు దాకా వచ్చి, గుర్తొచ్చి మళ్లీ లోపలికి పోవడం నా వంటింటి కిటికీలోంచి చూశాను. అలా చదివి ఇంత పోగొట్టుకోవడం అవసరమా అని అడిగితే, "కథని గెలుపు దగ్గర ఆపేస్తే ఎవరైనా మంచివాళ్లే" అన్నారు. ఆ తర్వాత టీ కలపడానికి లేచారు.

మావారికి కొన్నాళ్లకి చిన్న కంపెనీలో ఉద్యోగం దొరికింది. జడ వల్ల వచ్చిందని ఇంట్లో ఎవ్వరం అనలేదు. అనుకోలేదని మాత్రం చెప్పలేను. అమ్మాయి ఇప్పుడు కాలేజీలో ఉంది. జుట్టు మళ్లీ పెంచలేదు. అది తన ఇష్టమో, ఆ రోజు తాలూకు మిగులో నాకు తెలీదు. అడిగే ధైర్యం ఇంకా రాలేదు. టీచరమ్మ ఉంటే ఈపాటికి అడిగించి ఉండేవారు.

ఈ వేసవిలో, ఆవిడ పోయాక, ఆ శనివారం మళ్లీ వచ్చింది. అమ్మాయి కాలేజీ నుంచి డ్రైవ్ చేసుకుని వచ్చింది. ముగ్గురం వెళ్లి వెనక వరసలో కూచున్నాం. చదువుతున్నది ఒక మగమనిషి. గెలుపు వచ్చింది. ఆపేశాడు.

ముందు వరసలో మంగళవారాలు వచ్చే ఆవిడ ఒకరు లేచి నిలబడ్డారు. పక్కావిడ లేచారు. మా అమ్మాయి లేచింది, నేను లేచాను. ఏమైనా చెప్తామేమోనని అతను ముగింపు ప్రార్థన మొదలుపెట్టకుండా మావైపే చూస్తున్నాడు. ఎవరం ఏమీ అనలేదు. పక్కన ఏదో కిర్రుమంటే చూశాను. మావారు ముందు బెంచీ పట్టుకుని, నొప్పి మోకాళ్ల మీద మెల్లిగా లేస్తున్నారు. అమ్మాయి ఆయన వైపు చూసి, పట్టుకోవడానికి చెయ్యి చాపి, పట్టుకోకుండా ఆగింది. ఆయనే లేచి నిలబడ్డారు.

చదివే మనిషి వేలు పేజీ మీద అక్కడే ఉంది. ఎవరం కూచోలేదు.