జవాను తెచ్చిన కాగితం

పన్నెండేళ్ళుగా ఒక మనిషి పరువు నా దగ్గర ఉండిపోయింది. తిరిగి ఇవ్వలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. మా ఆవిడతో చెప్పాలని చాలాసార్లు నోటిదాకా వచ్చింది, చెప్పలేకపోయాను. పిల్లలు నేను తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెబుతారు. వాళ్ళతో చెప్పాలంటే హిందీలో చెప్పాలి. తప్పు ఒప్పుకునేంత హిందీ నాకు రాదు.

డెబ్బైల చివర్లో ఢిల్లీ వచ్చాను. దేశంలో ఎక్కడ ఖనిజాల కోసం, చమురు కోసం, గ్యాసు కోసం నేల తవ్వినా ఆ పని మీద అజమాయిషీ చేసే ఆఫీసు మాది. అందులో నేను టెక్నికల్ అసిస్టెంటుని. పేరు గొప్ప. పని మాత్రం కాగితాలు సరిచూడడం. బావిని ఎంత లోతు తవ్వాలి, ఎక్కడ ఆగి ఇనుప గొట్టాలు దించి సిమెంటు పోయాలి అన్నది ముందే ప్లానులో రాసి ఉంటుంది. దాన్ని మార్చాలంటే ఢిల్లీ సంతకం కావాలి. ఆ సంతకానికి వెళ్ళే ప్రతి కాగితం మొదట నా బల్ల మీదికి వచ్చేది. జతపరచవలసినవి జతపరిచారో లేదో చూసి, లేకపోతే కొర్రీ వేసి తిప్పి పంపాలి. కొర్రీ వేయడంలో ఒక సుఖం ఉంది. సముద్రం పక్కన ఎండలో నిలబడే పెద్ద పెద్ద ఇంజనీర్లు నేను రాసే రెండు వాక్యాల కోసం ఎదురుచూసేవారు. అది నాకు నచ్చేది.

ఆఫీసు బయట నాకోసం ఎదురుచూసేవాళ్ళు ఎవరూ లేరు. సరోజినీ నగర్‌లో ఒకరి క్వార్టర్లో వెనక గది అద్దెకు తీసుకున్నాను. కొన్ని ఆదివారాలు కూరగాయల భయ్యాతో తప్ప ఎవరితోనూ మాట్లాడకుండానే గడిచిపోయేవి. అలాంటి రోజుల్లో వెంకటరత్నంగారు దొరికారు. ఆయన గోదావరి తీరంలోని ఒక డ్రిల్లింగ్ క్యాంపులో జియాలజిస్టు. మీటింగులకు ఢిల్లీ వచ్చినప్పుడల్లా గెస్ట్‌హౌస్ భోజనం మానేసి నా గదికి వచ్చేవారు. నన్ను స్టవ్ దగ్గరికి రానిచ్చేవారు కాదు. నా చారు తాగితే మనిషికి వైరాగ్యం వస్తుందని ఆయన అభిప్రాయం. ఆయన వెళ్ళిపోయాక రెండు రోజులు ఆ గదిలో ఉండబుద్ధయ్యేది కాదు.

ఒక శుక్రవారం పొద్దున, సెలవు ముగించుకుని కంటోన్మెంటుకి తిరిగి వెళ్తున్న తెలుగు జవాను ఒకతను, స్టేషన్ నుంచి ట్రంకు పెట్టెతో సహా నేరుగా మా ఆఫీసుకి వచ్చాడు. వెంకటరత్నంగారు ఇమ్మన్నారని ఒక కవరు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. లోపల ఆయన ఉత్తరం. బావిలోంచి పైకి వచ్చే బురదలో గ్యాసు బుడగలు కనిపిస్తున్నాయనీ, ఒత్తిడి పెరుగుతోందనీ, తవ్వకం ఇక్కడే ఆపి గొట్టాలు దించడానికి అనుమతి కావాలనీ రాశారు. అక్కడి పై అధికారి ఒప్పుకోలేదట. టెలెక్స్ ఆ అధికారి చేతిలో ఉంది, పోస్టు ఆలస్యం. అందుకని మనిషి చేత పంపారు. నాకోసం విడిగా ఒక చీటీ కూడా ఉంది: “బాబూ, ఇవాళే పెద్దాయన ముందు పెట్టించు.”

అనుమతి సంతకం పెట్టే మా పెద్దాయన నాలుగు గదుల అవతల సీట్లోనే ఉన్నారు. నేను లేవలేదు. ఎందుకని? ఉత్తరానికి ఒత్తిడి చార్టు జతపరచలేదు. చార్టు లేకుండా కాగితం పైకి వెళ్ళదు. సోమవారం కొర్రీ టైపు చేయిద్దామనుకుని సొరుగులో పెట్టాను. స్నేహం వేరు, రూలు వేరు అనుకుని కొంచెం గర్వపడ్డాను కూడా. సోమవారం పార్లమెంటు ప్రశ్న ఒకటి వచ్చిపడింది. సెక్షనంతా దాని జవాబు తయారీలో మునిగిపోయింది. నేను మర్చిపోయాను.

బుధవారం టెలెక్స్ వచ్చింది. బావి పేలింది. ముగ్గురికి ఒళ్ళు కాలింది. వాళ్ళలో ఒకతనికి చూపు పోయింది. అతని పేరు నాకు తెలుసు, ఇక్కడ రాయలేను.

గురువారం పొద్దున సొరుగు తీసి, ఉత్తరాన్ని డైరీ రిజిస్టర్లో ఎక్కించి, ఆ రోజు ముద్రే వేశాను. మా దగ్గర కాగితం చేతికొచ్చిన రోజుకి విలువ లేదు. రిజిస్టర్లో ఎక్కిన రోజే అందిన రోజు. అందరూ అలాగే చేసేవారు. నేను దొంగముద్ర వేయలేదు కదా అని ఎన్నిసార్లు నాకు నేను చెప్పుకున్నానో. మరి చీటీని ఎందుకు చింపినట్టు?

ఉత్తరం మీద ఆయన వేసిన తేదీ ప్రమాదానికి ముందుది. నా ముద్ర ప్రమాదానికి మర్నాటిది. పోస్టాఫీసు ముద్ర పడిన కవరు కాదు కనుక మధ్యలో ఇంకే సాక్ష్యమూ లేదు. విచారణ కమిటీకి అనుమానం రావడంలో వింతేముంది? గండం గడిచాక తప్పించుకోవడానికి ఆయన పాత తేదీ వేసి రాశారనుకున్నారు. విచారణ మా ఆఫీసులోనే జరిగింది. మొదటిరోజు ఆయన జవాను సంగతి చెప్పారు. పేరు మర్నాడు చెప్పమన్నారు.

ఆ మధ్యాహ్నం వెంకటరత్నంగారు ఆఫీసు వెనక పచ్చికలో, చలికాలం ఎండలో కూర్చుని ఉన్నారు. నన్ను పిలిచారు.

“ఏవయ్యా, ఆ మిలిటరీ అబ్బాయి నీకు కాయితం ఎప్పుడిచ్చాడు? నాకు చెప్పు చాలు, వాళ్ళకి చెప్పక్కర్లేదు.”

“ఎవరూ రాలేదండీ. గురువారం ఆఫీసు టపాలో ఉంది.”



“అయితే దార్లో ఎక్కడో పెట్టేసి మర్చిపోయుంటాడు. బుధవారం నాటి గొడవ విని, ఎవరి చేతో ఇక్కడ పడేయించుంటాడు. పోన్లే. పేరు చెప్పానంటే వాళ్ళ పటాలంలో చర్మం ఒలిచేస్తారు. పిల్లలుగలవాడు. నువ్వు అన్నం తిన్నావా?”

తిన్నానన్నాను. అదీ అబద్ధమే.

మర్నాడు జవాను పేరు గుర్తులేదని కమిటీకి చెప్పారాయన. లేని జవానుని పుట్టించారని వాళ్ళు రాసుకున్నారు. నన్ను ఒక్కటే అడిగారు, ముద్ర నాదేనా అని. నాదేనన్నాను. ఆయన్ని క్యాంపు నుంచి తప్పించి, రాతి నమూనాల పెట్టెలుండే గోడౌనుకి వేశారు. రిటైరయ్యేదాకా మళ్ళీ బావి మొహం చూడనివ్వలేదు.

ఎందుకు అబద్ధమాడాను? ఉద్యోగం పోతుందనా? పోయేది కాదు, మహా అయితే మెమో ఇచ్చేవారు. కారణం అంతకన్నా సిగ్గుచేటు. ఢిల్లీలో నన్ను మనిషిగా చూసేవాడు ఆయనొక్కడే. నా సొరుగు సంగతి తెలిస్తే ఆ చూపు మారిపోతుందని భయపడ్డాను. ఆయన దగ్గర మంచివాడిగా మిగలడానికి ఆయన్నే ముంచాను. మిగిలానా? తర్వాత రెండు ఉత్తరాలు రాశారు, నా ఆరోగ్యం అడుగుతూ. జవాబు రాయడానికి చెయ్యి రాలేదు. తేలు కుట్టిన దొంగలా తెలుగువాళ్ళు కనిపిస్తే పక్క సందులోకి తిరిగాను. ఉగాదికి రమ్మని పిలిచేవాళ్ళు కూడా క్రమంగా మానేశారు. ఇంట్లో నలుగురు మనుషులున్నా నేను ఒంటరివాణ్ణి, అది నేను చేసుకున్నదే.

ఆయన బతికే ఉన్నారు. చిరునామా నా దగ్గరుంది. ఇది ఆయనకు పంపే ధైర్యం నాకు ఉందో లేదో ఈ క్షణాన తెలియదు. మీరు క్షమిస్తారని రాయడం లేదు, అది మీ చేతిలో లేదు. ఆ రోజు పచ్చికలో ఆయన అడిగినదానికి, ఒక్కసారి, సరైన జవాబు చెప్పాలనిపించింది.

ఇచ్చాడండీ. శుక్రవారం పొద్దున వచ్చి, నా చేతికే ఇచ్చాడు.