కానుక సంచిలో మాత్రల అట్ట

సహోదరులారా, సహోదరీలారా, మా పాస్టరమ్మ వాకిట్లో నిలబడి, ఒక్క మాత్ర కూడా తీయని అట్టను నా చేతిలో పెట్టి, "ఇది మీ అమ్మది కదమ్మా? కానుక సంచిలో ఉండింది. పోయిన నెల కూడా ఒకటి వచ్చె, ఎవరిదో అనుకుంటిని" అన్న ఆ క్షణాన అమ్మ మందు మానేసిందని నాకు తెలిసింది!

నెలసరి ఆగిపోయిన చాలా ఏళ్ళకు అమ్మకు రొమ్ములో క్యాన్సర్ గడ్డ వచ్చింది. బంగారుపేటలో రైలెక్కి బెంగళూరుకు ఎన్నిసార్లు పోయామో దేవునికే తెలుసు. ఆపరేషన్ అయింది, రేడియేషన్ కరెంటు పెట్టారు, చివరకు డాక్టరమ్మ రోజుకొక చిన్న మాత్ర రాసి, ఏళ్ళ తరబడి వేసుకోవాలి, మానకూడదు అని మరీమరీ చెప్పింది. తర్వాత అమ్మ ఆండర్సన్‌పేటలోని మా చర్చిలో లేచి నిలబడి స్వస్థత సాక్ష్యం చెప్పింది. మా సంఘంలో మేలు పొందినవాళ్ళు దాని గురుతు ఒకటి సంచిలో వేస్తారు, ఉద్యోగం దొరికినవాళ్ళు మొదటి రోజు రైలు టికెట్టు, కాన్పు బాగా జరిగినవాళ్ళు బిడ్డ చేతి దారం. అమ్మ నెలనెలా తన మాత్రల అట్టనే సంచిలో వేసింది!

అడిగితే దాచలేదు. "బాగైందని అందరి ముందర చెప్పినాను. ఇంగ మాత్ర మింగితే దేవునికి అబద్ధమాడినట్టు కాదా? అది మింగితే కీళ్ళన్నీ పట్టేస్తాండె, పొద్దున వేళ్ళు కూడా ముడవలేకుంటిని" అంది.

"ఏమక్కా, నేను బీపీ మాత్ర మింగే ప్రార్థనకొస్తాను, ఆ దేవుడు నన్ను బయటికి తోసినాడా?" అంది పాస్టరమ్మ. "నువ్విచ్చింది వద్దని నా చేత వాపసు పంపినాడు, తీసుకో."

అమ్మ నవ్వలేదు, తీసుకోలేదు. నేను వంటింట్లోకి పోయి, "ప్రభువా, నా మాట ఆమె వినదు, నా బిడ్డలకు అవ్వ కావాలి, నీవే మాట్లాడు" అని ఏడ్చాను.

నొప్పి సంగతి డాక్టరమ్మకు చెబుదామని అమ్మను మళ్ళీ బెంగళూరు తీసుకుపోయాను. డాక్టరమ్మ కోప్పడలేదు. నెలసరి ఆగినా ఒంట్లోని కొవ్వు ఆడవాళ్ళ హార్మోన్‌ను కొంచెం కొంచెంగా తయారు చేస్తూనే ఉంటుందనీ, అమ్మకు వచ్చిన రకం గడ్డ దాంతోనే పెరుగుతుందనీ, మాత్ర ఆ తయారీని అడ్డుకుంటుందనీ చెప్పింది. "ఈ నొప్పి గురించి ముందే చెప్పి ఉంటే వేరే మాత్ర ఇచ్చేదాన్ని కదమ్మా" అని మార్చి రాసింది, పరీక్షలన్నీ చేయించింది. ఇప్పటికైతే ఎక్కడా పాకలేదు, దేవునికే మహిమ! ఆ "ఇప్పటికైతే" అన్న మాట మాత్రం నన్ను నిద్రపోనివ్వడం లేదు, పిల్లలు పడుకున్నాక ఇది రాస్తున్నాను.

ఇంటికొచ్చిన సాయంత్రం అమ్మ మాత్రను అరచేతిలో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. "తండ్రీ, తెలీక చేసినాను. ఇది నీ చేతినుంచే తీసుకుంటాండాను" అని మింగింది. నాకు తెలిసిన విడుదల అదే, సహోదరులారా! మందు మానడమే విశ్వాసమని భయపడేవాళ్ళు మీ ఇళ్ళలో ఉంటే, రండి, ఆయనను నమ్మండి, మీ డాక్టరుతో నిజం చెప్పండి, దేవుడు చిన్నబుచ్చుకోడు.

మరునాడు పొద్దున, "అవ్వకు బాగైపోయిందా?" అని పిల్లలు అడిగారు.

"ఇంకా తెలీదు కన్నా. కొత్త మాత్రకూ అవ్వ వేళ్ళు బిగుసుకోవచ్చు, మింగేటప్పుడు నీళ్ళ గ్లాసు మీరు పట్టుకోండి, ప్రార్థన తను చేస్తుంది" అన్నాను.