బండ మీద తల్లి చిరుత

క్రాసింగ్ కోసం వేమూరులో ఆగిన రేపల్లె బండిలో నా పక్కన కూతురు నిద్రపోతోంది, తొమ్మిదేళ్ల కొడుకు మాత్రం లేడు. కిటికీలోంచి చూస్తే ప్లాట్‌ఫారం మీద, కుళాయి దగ్గర సీసా పట్టుకుని కనిపించాడు. అరవబోతూ లేచాను.

"కూర్చోమ్మా. ఎదురు బండి రాందే ఇది కదలదు," అన్నారు ఎదుటి సీటులోని పెద్దాయన. నల్లమలలో ఫారెస్టు వాచరుగా చేశారట.

"అక్కడో తల్లి చిరుతని ఏడాదంతా చూశాను. పిల్ల మొదటిసారి కుందేలు వెంటపడిన రోజు, తను బండ మీద పడుకుని నిద్ర నటించింది. చెవులు మాత్రం పిల్లవైపే."

"పిల్లకి కుందేలు దొరికిందా బాబాయ్ గారూ?"

"ఎక్కడ? ముళ్లకంపలో పడింది. అయినా తల్లి లేవలేదు. మూడోరోజు కుందేల్ని పట్టుకొచ్చి తల్లి ఎదురుగానే తినేసింది. ఒక్క ముక్క పెట్టలేదమ్మా."

నవ్వొచ్చి కూర్చుండిపోయాను. వాడు నిండు సీసాతో, తడిసిన చొక్కాతో, గర్వంగా వచ్చాడు. ముందు పెద్దాయనకే నీళ్లిచ్చాడు.

మర్నాడు పొద్దున, ఉతికిన గుడ్డ ఒక్కటీ లేకపోయినా, పిల్లలతో అన్నాను: "సందు చివరికెళ్లి పాల ప్యాకెట్ మీరిద్దరే తెండి. నేను మేడ మీద బట్టలు ఆరేస్తుంటాను."